దేవుడికి రాసిచ్చిన ప్రోనోటు

మొక్కు మొక్కని ఇల్లాలు మన దేశంలో ఉంటుందా అని నాకు పెద్ద అనుమానం. ఆ మధ్య మా అబ్బాయికి టైఫాయిడ్ వచ్చినప్పుడు నేను ఆంజనేయస్వామికి ఆకుపూజ మొక్కుకున్నాను. జ్వరం తగ్గింది. ఆకుపూజ మాత్రం మూడు నెలలకి గాని గుర్తు రాలేదు. బాకీలు తీర్చడంలో నా నడవడిక అలాంటిది! అంచేత ఇవాళ క్రైస్తవుల మొక్కుల గురించి రాస్తున్నానంటే, పొరుగింటి వాకిట్లో చెత్త ఎంచడానికి కాదని ముందుగానే మనవి చేసుకుంటున్నాను.

క్రైస్తవులకి మొక్కులేమిటి అంటారా? ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో విజయవాడలో గుణదల మేరీమాత ఉత్సవానికి ఒక్కసారి వెళ్లి చూడండి. తలనీలాలిచ్చేవాళ్లూ, కొబ్బరికాయలు కొట్టేవాళ్లూ ఎంతమందో! ప్రొటెస్టెంట్లలో ఆ ఆచారం లేదు గాని, వాళ్లకి సాక్ష్యం ఉంది. ఫలానా కష్టంలో ప్రార్థన చేశాను, దేవుడు ఆలకించాడు, అని సంఘంలో లేచి నిలబడి చెప్పడం. అబ్బాయికి ఉద్యోగం వచ్చిందనీ, కోడలు నీళ్లోసుకుందనీ, కోత లేకుండానే కిడ్నీలో రాయి పడిపోయిందనీ చెబుతారు. వినడానికి మనకీ సంతోషంగానే ఉంటుంది. కాని, ‘ప్రార్థించాను, జరగలేదు’ అని చెప్పడానికి లేచిన మనిషిని నేను చూడలేదు.

మా పక్కింటి అక్కయ్యగారు రిటైరైన టీచరు. ఆవిడ భర్తకి జబ్బు చేసినప్పుడు వాళ్లింట్లో నలభై రోజులు ఉపవాస ప్రార్థనలు జరిగాయి. ఆయన దక్కలేదు. ఆదరణ కూటానికి వచ్చిన ఒక పెద్దమనిషి కాఫీ గ్లాసు కింద పెడుతూ, “ఎక్కడో మన విశ్వాసంలోనే లోపం ఉండి ఉంటుందమ్మా” అన్నాడు. ‘మన’ అన్నాడే గాని, ఆ మాట ఎవరి మెడకి చుట్టుకుందో అక్కడ కూర్చున్న అందరికీ తెలుసు. అక్కయ్యగారు చర్చికి వెళ్లడం మానలేదు. సాక్ష్యాల వేళకి మాత్రం బయటికొచ్చి చెప్పుల దగ్గర నిలబడేవారు.

ఆ రోజుల్లోనే నేను గ్రాహమ్ గ్రీన్ నవల ‘ది ఎండ్ ఆఫ్ ది ఎఫైర్’ మళ్లీ చదివాను. 1951లో వచ్చిన పుస్తకం. బి.ఏ. చదివే రోజుల్లో దాన్ని ప్రేమకథ అనుకున్నాను. నలభై దాటాక చదివితే మొక్కు కథలా కనిపించింది.

లండన్‌లో ఒక ప్రభుత్వోద్యోగి భార్య శారా. బెండ్రిక్స్ అనే రచయితని ప్రేమిస్తుంది. తప్పే; ఆ సంగతి ఆమెకీ తెలుసు. 1944. లండన్ మీద జర్మనీ వాళ్ల ఎగిరే బాంబులు పడుతున్న రోజులు. ఓ రాత్రి పేలుడుకి, మేడ మెట్లు దిగిన బెండ్రిక్స్ మీద తలుపు ఊడి పడుతుంది. దాని కింద నుంచి అతని చెయ్యి కనిపిస్తుంది. చచ్చిపోయాడనుకుంటుంది శారా. గదిలోకి పోయి, అంతవరకూ నమ్మని దేవుడి ముందు మోకరించి, అతన్ని బతికిస్తే జన్మలో మళ్లీ అతని దగ్గరికి రానని మాటిస్తుంది. కాసేపటికే అతను గుమ్మంలో నిలబడి ఉంటాడు!

మామూలుగా సాక్ష్యం ఇక్కడ ముగుస్తుంది. గ్రీన్ కథకి మాత్రం అసలు చిక్కు ఇక్కడే మొదలు. అడిగింది చేతికొచ్చింది, ఇక బాకీ తీర్చాలి. కారణం చెప్పకుండా శారా అతన్ని వదిలి వెళ్లిపోతుంది. ఇంకెవడో ఉన్నాడని అసూయతో కుమిలిన బెండ్రిక్స్, రెండేళ్ల తర్వాత ఆమె వెనక డిటెక్టివ్‌ని పెడతాడు. ఆమె డైరీ చేతికొస్తే తెలుస్తుంది, ఆ ‘ఇంకెవడో’ దేవుడని!

ఆ ప్రోనోటు చింపేసుకోవడానికి పాపం శారా చెయ్యని ప్రయత్నం లేదు. దేవుడు లేడని వీధుల్లో బోధించే ఒకాయన దగ్గరికి వెళ్లి కూర్చుంటుంది. అప్పిచ్చినవాడే లేడని తేలితే అప్పూ ఉండదు కదా! ఆయన ఎంత కసిగా ‘లేడు’ అంటే ఆమెకి అంత గట్టిగా ‘ఉన్నాడు’ అనిపిస్తుంది. మొదట ఆమె దేవుణ్ణి అడిగింది ఒక ప్రాణం. తర్వాత అడిగింది విడుదల. ఆఖర్న అడగడానికేమీ మిగల్లేదు. అప్పిచ్చినవాడి మీదే ప్రేమ పుట్టింది. దేవుడితో బేరం పెట్టుకున్న మనిషి, ఆ బేరాన్ని దాటి ఎంత దూరం నడవగలదో ఇంత నిక్కచ్చిగా చూపిన నవల నేను మరొకటి చదవలేదు.

అయితే నాకొక ఫిర్యాదు ఉంది. శారా జబ్బుచేసి చనిపోయాక గ్రీన్ మహిమలు మొదలుపెట్టాడు. డిటెక్టివ్ కొడుక్కి కడుపునొప్పి తగ్గిపోతుంది. ఆ నాస్తికుడి చెంప మీద పుట్టుమచ్చ మాయమైపోతుంది. ఇవేమిటి, సాక్ష్యాలే కదా! తర్వాత గ్రీన్‌కే ఎబ్బెట్టుగా తోచి కాబోలు, మరో ముద్రణలో ఆ పుట్టుమచ్చని దానంతటదే తగ్గగల చర్మవ్యాధిగా మార్చాడు. 1926లో క్యాథలిక్ మతం పుచ్చుకున్న మనిషి. ఋజువు చూపకపోతే పాఠకులు దేవుణ్ణి తక్కువ చేస్తారేమోనని బెంగపడ్డాడని నా ఊహ. కాఫీ గ్లాసు పెద్దమనిషి బెంగా అదే. దేవుడు ఇవ్వలేదంటే దేవుడి పరువు పోతుంది. అంచేత నేరం ప్రార్థించినవాళ్ల నెత్తికి రుద్దాలి!

గ్రీన్ మహిమల కన్నా, చివరి దాకా దేవుణ్ణి ద్వేషిస్తూ మిగిలిన బెండ్రిక్స్ నాకు నమ్మదగినవాడుగా కనిపించాడు. లేనివాణ్ణి ఎవరూ అంతగా తిట్టుకోరు. చెప్పుల దగ్గర నిలబడ్డ అక్కయ్యగారు గుర్తొచ్చారు నాకు.

ఓ మధ్యాహ్నం చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ ఆవిడకీ కథంతా చెప్పాను. పరాయి మగాణ్ణి ప్రేమించిన దాని కథ ఈవిడకేం నచ్చుతుందిలే అనుకున్నాను. మొత్తం విని, “హన్నా కథ తెలుసా నీకు?” అన్నారు.

“పిల్లల్లేక గుళ్లో ఏడిస్తే, పూజారి ఏలీ తాగిందనుకున్నాడు. ఆవిడేనా?”

“ఆవిడే. కొడుకు పుడితే దేవుడికిచ్చేస్తానని మొక్కింది. పుట్టాడు. మావాళ్లంతా అక్కడితో స్తోత్రం చెప్పేస్తారమ్మా. పాలు మాన్పించాక ఆ పసివాణ్ణి షిలోహులో వదిలి, ఒంటి చేతులతో ఇంటికి నడిచొచ్చింది చూడు, ఆ దారి గురించి ఎవరూ మాట్లాడరు. ఏటేటా ఓ చిన్న అంగీ కుట్టి పట్టుకెళ్లేదట. ఏడాది పొడుగునా చూడని పిల్లాడికి కొలత ఎలా తీసేదంటావు?”

నా చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది.

కాసేపాగి మళ్లీ ఆవిడే అన్నారు: “గెత్సేమనే తోటలో యేసుప్రభువు కూడా ఆ గిన్నె తొలగించమని అడిగాడు. తొలగించలేదుగా. ఆయన విశ్వాసంలోనూ లోపం ఉందంటారా వీళ్లు?”

నేను రెండుసార్లు చదివి, పెన్సిలుతో గీతలు గీసి కనిపెట్టినదాన్ని ఆవిడ ఈనెలు తీస్తూ తేల్చేశారు. ఇస్తే నమ్మడం, ఇవ్వకపోతే మానడం వ్యాపారం. ఇవ్వలేదని కోపం వచ్చినా, ఏటేటా అంగీ కుట్టుకుంటూ కూర్చోవడానికి ఇంకేదో పేరుండాలి.

ఆ వచ్చే ఆదివారం అక్కయ్యగారు చెప్పుల దగ్గరికి రాలేదట. వాళ్లమ్మాయి చెప్పింది. సాక్ష్యాల వేళకి లేచి, “నలభై రోజులు అడిగాను. ఇవ్వలేదు. అయినా వచ్చాను” అని కూర్చున్నారట. చర్చంతా నిశ్శబ్దం. స్తోత్రం అనాలో వద్దో ఎవరికీ తోచలేదట. చివరికి వెనక వరసలోంచి, ఎప్పుడూ నోరు విప్పని ఓ ముసలమ్మ అందట, “స్తోత్రం” అని. ఆవిడ ఏమడిగిందో, ఏమి దొరకలేదో!