నార్డిక్ ప్రశ్నావళి – తెలుగు నొప్పి పదాలు: ఒక విమర్శనాత్మక పరిశీలన

వైద్య విద్యార్థుల్లో కండరాలు, కీళ్ల నొప్పులపై జరిగే సర్వేలు చాలావరకు ఒకే సాధనాన్ని ఆశ్రయిస్తాయి. అది కుయొరింకా బృందం 1987లో ప్రకటించిన నార్డిక్ ప్రశ్నావళి. మెడ, భుజాలు, మోచేతులు, మణికట్లు, వీపు, నడుము, తుంటి, మోకాళ్లు, పాదాలు అంటూ శరీరాన్ని 9 భాగాలుగా అది విభజిస్తుంది. గత 12 నెలల్లో, గత 7 రోజుల్లో ఆ భాగంలో బాధ కలిగిందా, దానివల్ల రోజువారీ పని ఆగిందా అని అడుగుతుంది. దేశాల మధ్య, వృత్తుల మధ్య పోలికకు ఇది వీలు కల్పించింది. ఆ ప్రయోజనం కాదనరానిది. అయితే నొప్పి ఎక్కడ, ఎప్పుడు అనేవి తెలిపే ఈ సాధనం, అది ఎలాంటిదో తెలుపదు. తెలుగు నేలపై ఈ లోపం మరింత పెద్దదవుతుంది.

మూలప్రశ్నలో ‘ట్రబుల్’ అనే విస్తృత పదం కింద ఏక్, పెయిన్, డిస్కంఫర్ట్ అనే మూడు మాటలున్నాయి. తెలుగులో మొదటి రెండూ ‘నొప్పి’లో కలిసిపోతాయి. మూడవది ‘అసౌకర్యం’ అవుతుంది. గూడూరు ప్రాంతపు నిమ్మతోటల్లో, వరిమడుల్లో పనిచేసేవారు నడుముకు అసౌకర్యంగా ఉందని చెప్పరు. నడుము పట్టేసిందంటారు, కాళ్లు పీకుతున్నాయంటారు, చేతులు తిమ్మిరెక్కాయంటారు. ఇవి పర్యాయపదాలు కావు. పీకడం కండరపు అలసటను, తిమ్మిరి నరంపై ఒత్తిడిని, పట్టేయడం కదలిక తగ్గడాన్ని సూచించవచ్చు. రోగనిర్ణయానికి తొలి ఆధారమైన ఈ భేదం ‘అవును’ అనే ఒక్క గడిలో అదృశ్యమవుతుంది.

అనువాదాన్ని తిరిగి ఆంగ్లంలోకి మార్చి సరిచూసే పద్ధతి ఈ లోపాన్ని పట్టుకోలేదు. ‘అసౌకర్యం’ తిరిగి డిస్కంఫర్ట్‌గానే వస్తుంది, పరీక్షలో నెగ్గుతుంది. నిఘంటువులో సరిపోయిన మాట వాడుకలో సరిపోయిందో లేదో ఆ పరీక్ష చెప్పదు. నొప్పి స్వభావాన్ని మాటల ద్వారా కొలవడం సాధ్యమేనని మెల్జాక్ 1975లో రూపొందించిన మెగిల్ ప్రశ్నావళి నిరూపించింది. అందులో 78 పదాలు 20 వర్గాలుగా ఉన్నాయి. అయితే అవి ఆంగ్లం మాట్లాడేవారి అనుభవం నుంచి ఏరినవి. వాటిని తర్జుమా చేయడం తెలుగు పదాలను సేకరించడంతో సమానం కాదు.

పని ఆగిందా అనే ప్రశ్న కూడా పునఃపరిశీలన కోరుతుంది. రెక్కాడితే గాని డొక్కాడని కూలీ నొప్పితోనే పనికి వెళ్తాడు. సిద్ధాంత తరగతుల్లో 75, ప్రయోగ తరగతుల్లో 80 శాతం హాజరు తప్పనిసరి అయిన వైద్య విద్యార్థీ నొప్పితోనే తరగతికి వెళ్తాడు. ఇద్దరూ ‘లేదు’ అనే రాస్తారు. ఆ సమాధానాన్ని నొప్పి స్వల్పమనడానికి సాక్ష్యంగా తీసుకుంటే, ఆగే అవకాశం లేకపోవడం బాధ లేకపోవడంగా నమోదవుతుంది.

వైద్య విద్యార్థులు ఆంగ్లం చదవగలరు గనుక అనువాదమే అక్కరలేదనే వాదన ఉంది. చదవగలగడం వేరు, తన శరీరాన్ని ఆ భాషలో అనుభవించడం వేరు. పైగా ఈ విద్యార్థే రేపు గూడూరు నుంచి నెల్లూరు ఆసుపత్రికి వచ్చే రోగి చెప్పేది వినాలి. తన పీకును ‘పెయిన్’ గడిలో గుర్తించడానికి అలవాటుపడినవాడు, రోగి చెప్పిన తిమ్మిరినీ కేసు పత్రంలో అదే మాటతో ముగించే ప్రమాదముంది.

కనుక పరిశోధనక్రమం తారుమారు కావాలి. ముందు వైద్య విద్యార్థుల నుంచి, తోట, పొలం, అభ్రకపు గనుల శ్రామికుల నుంచి నొప్పి పదాలను సేకరించాలి. ఏ పదాన్ని ఏ బాధకు వాడుతున్నారో వారితోనే చర్చించి నిర్ధారించాలి. ఆ తర్వాతే వాటిని నార్డిక్ ప్రశ్నావళికి అనుబంధంగా చేర్చాలి. మూలప్రశ్నలు అలాగే ఉంటాయి గనుక అంతర్జాతీయ పోలిక దెబ్బతినదు. 2019 వైద్య పాఠ్యప్రణాళిక ప్రారంభ శిక్షణలో స్థానిక భాషకు చోటిచ్చింది. ఆ చోటులో పలకరింపు వాక్యాలతో పాటు ఈ పదకోశమూ ఉండాలి. దీనిని సిద్ధం చేయడం వైద్యశాఖ ఒక్కటే చేయగల పని కాదు. తెలుగు శాఖల భాషాపరిశోధకులు కూడా పూనుకోవలసిన క్షేత్రకార్యం.