ముప్పయ్యారులో పన్నెండు

యూరప్‌లో పీహెచ్‌డీ అనగానే మన విద్యార్థులు ముందుగా ఆరా తీసేది స్కాలర్‌షిప్ గురించి. మేరీ స్క్లొడోవ్‌స్కా క్యూరీ పథకం కింద నడిచే డాక్టోరల్ నెట్‌వర్క్‌లలో మాత్రం ఇచ్చేది సాధారణంగా ఉద్యోగమే. నియామక పత్రం, నెల జీతం, సామాజిక భద్రత అన్నీ ఉంటాయి. ఆ ఉద్యోగ ప్రకటనలను వాటి పనితనం కోసమే చదివే అలవాటు నాకుంది.

అర్హతల్లో ఒక నిబంధన దగ్గర ప్రతిసారీ ఆగుతాను. నియామకం తేదీకి ముందటి 36 నెలల్లో, ఉద్యోగమిచ్చే దేశంలో అభ్యర్థి 12 నెలలకు మించి నివసించి గానీ, చదువో ఉద్యోగమో చేసి గానీ ఉండకూడదు. ఏ దేశ పౌరుడివన్న ప్రశ్నే లేదు! పరిశోధకులు సరిహద్దులు దాటాలన్నది ఈ పథకం ఆశయం. దాన్ని ఉపన్యాసంగా వదిలేయకుండా లెక్కలోకి దించారు. వరంగల్ ఎన్ఐటీలో ఎమ్మెస్సీ ముగించి, ఎప్పుడూ దేశం దాటని అమ్మాయికి ఈ నిబంధన ఏ దేశంలోనూ అడ్డు రాదు. మ్యూనిక్‌లో ఇప్పుడే రెండేళ్ల మాస్టర్స్ పూర్తి చేసిన అబ్బాయికి జర్మనీ పోస్టు మూసుకుపోతుంది, పక్కనున్న ఆస్ట్రియాది తెరిచే ఉంటుంది. డెన్మార్క్‌లోనే ఉంటున్న డేనిష్ పౌరుడికి డెన్మార్క్ పోస్టు దక్కదు. లోకల్, నాన్‌లోకల్ తగవుల మధ్య పెరిగిన మనకు ఇది తలకిందుల న్యాయంలా తోస్తుంది. సెలవుల్లాంటి చిన్న బసలూ, శరణార్థి హోదా కోసం నిరీక్షించిన కాలమూ ఈ లెక్కలోకి రావు. ఆ మినహాయింపు రాసినవాళ్లు మనుషుల బతుకులు తెలిసినవాళ్లే.

జీతం దగ్గరా అదే చెయ్యి కనిపిస్తుంది. మూల వేతనం అందరికీ ఒకటే, దాన్ని ఒక్కో దేశపు జీవన వ్యయానికి తగిన గుణకంతో హెచ్చిస్తారు. అయితే ప్రకటనలో కనిపించే యూరోల్లో యజమాని కట్టాల్సిన సామాజిక భద్రతా వాటా కూడా కలిసే ఉంటుంది. అది పోగా, పన్నూ పోగా చేతికొచ్చేది బాగా తక్కువ. ఈ సంగతి చిన్న అక్షరాల్లో పెట్టడం నాకు నచ్చదు.

ఈ ఖాళీలన్నీ యూరాక్సెస్ పోర్టల్‌లో తప్పనిసరిగా ప్రకటిస్తారు. దరఖాస్తు బ్రస్సెల్స్‌కు పంపనక్కర్లేదు. నిధి అప్పటికే నెట్‌వర్క్‌కు మంజూరై ఉంటుంది, మీరు పోటీపడేది ఆ ఒక్క కుర్చీ కోసం. ప్రతి కుర్చీకీ ఒక నంబరు, పరిశోధనాంశం, గైడు, మధ్యలో కొన్ని నెలలు వెళ్లి పనిచేయాల్సిన వేరే సంస్థ పేరు రాసి ఉంటాయి. (ఆ పైన ఉండే ఆర్భాటపు పేరాను దాటేయవచ్చు, అన్ని నెట్‌వర్క్‌లకూ అదే.) మోటివేషన్ లెటర్‌కు కావలసిన సరుకంతా ఈ వివరాల్లోనే ఉంది. ఆ వేరే సంస్థలో గడిపే నెలల్లో ఏ కొలత తీస్తారో, మీ ఎమ్మెస్సీ ప్రాజెక్టులో దానికి దగ్గరగా ఏం చేశారో రాసిన రెండు వాక్యాలు, చిన్ననాటి నుంచి సైన్సంటే ఇష్టమన్న పేజీ కంటే ఎక్కువ పనిచేస్తాయి.

ఒక అతుకు మాత్రం సరిగ్గా కుదరలేదు. చాలా ప్రకటనల్లో కనిపించే ఉద్యోగ కాలం 36 నెలలు. స్వీడన్‌లో డాక్టరేట్ అంటే నాలుగేళ్ల చదువు. నాలుగో ఏడు జీతం ఎవరిస్తారో మంచి విభాగాలు ప్రకటనలోనే రాస్తాయి. రాయకపోతే ఇంటర్వ్యూలో మొహమాటం లేకుండా అడగాలి.