చదరపు కుండలీకరణంలోని నిజాయితీ

అట్ట ఊడిన పాత పుస్తకం ఒకటి, గ్రంథాలయంలో పుస్తకాల వివరాలు నమోదు చేసే కేటలాగర్ బల్ల మీదికి వచ్చిందనుకోండి. ముఖపత్రం మీద ‘ప్లవ నామ సంవత్సరం’ అనే ఉంది. ప్లవ అరవై ఏళ్లకోసారి వస్తుంది: 1841, 1901, 1961. ఏది? వెల నాలుగణాలని ఉంది. మన దేశంలో 1957లోనే అణాల స్థానంలో నయాపైసలు వచ్చాయి కాబట్టి 1961ని పక్కన పెట్టొచ్చు. అచ్చుకూటం పేరు, అక్షరాల తీరు, కాగితం చూసి, అదే అచ్చుకూటం వేసిన ఇతర పుస్తకాలతో పోల్చి, చివరికి [1901?] అని రాస్తారు.

ఆ గుర్తుల్లో గొప్ప నిజాయితీ ఉంది. చదరపు కుండలీకరణం ‘ఇది పుస్తకంలో లేదు, నేను చేర్చాను’ అంటుంది. ప్రశ్నార్థకం ‘ఇది నా ఊహ’ అంటుంది.

పేర్ల చిక్కు మరొకటి. శ్రీశ్రీ అని వెతికేవారికీ, శ్రీరంగం శ్రీనివాసరావు అని వెతికేవారికీ అవే పుస్తకాలు దొరకాలి. అందుకే ఒక పేరును స్థిరం చేసి, రెండో పేరు దగ్గర ‘చూడు’ అని దారి చూపిస్తారు.

పాఠకుడి సమయం ఆదా చేయాలన్నది ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన గ్రంథాలయ సూత్రాల్లో నాలుగోది. మనకు రెండు నిమిషాల్లో పుస్తకం దొరికిందంటే, ఎవరో ఒక పూటంతా దానితో కుస్తీ పట్టారన్నమాట. ఈసారి గ్రంథాలయానికి వెళ్తే, వారికి ఓ నమస్కారం పెట్టండి.