ఎలుకల పట్టిక, బాలికల పట్టిక: ఖమ్మం హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టుపై ఒక విమర్శ

1. పరిచయం

ఒక మందు పనిచేస్తుందా, హాని చేస్తుందా అన్న ప్రశ్నకు శాస్త్రవేత్తలు ముందు జంతువుల్లో, తర్వాత మనుషుల్లో జవాబు వెతుకుతారు. ప్రయోగశాలలో పాటించిన క్రమశిక్షణ ఊళ్లలోకి వచ్చేసరికి ఎంత మిగులుతుంది? 2009లో ఖమ్మం జిల్లాలో జరిగిన హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టును ఈ పాఠంలో ఆ ప్రశ్నతో పరిశీలిద్దాం.

2. కొలమానం: ఎలుకల ప్రయోగం

ఊపిరితిత్తులకు సోకే ఆస్పర్జిల్లస్ అనే ఫంగస్‌పై కొత్త మందును పరీక్షించాలనుకుందాం. ముందు ఎలుకల రోగనిరోధక శక్తిని సైక్లోఫాస్ఫమైడ్ వంటి మందుతో తగ్గిస్తారు. ఫంగస్ సిద్ధబీజాలను ముక్కు ద్వారా ఊపిరితిత్తుల్లోకి పంపుతారు. తర్వాత ఎలుకలను గుంపులు చేస్తారు. ఒక గుంపుకు కొత్త మందు ఇస్తారు. ఇంకో గుంపుకు ఇప్పటికే వాడుకలో ఉన్న ఆంఫోటెరిసిన్-బి ఇస్తారు. 2021లో బ్లాక్ ఫంగస్ వ్యాపించినప్పుడు కొరత వచ్చిన మందు ఇదే. మూడో గుంపుకు మందు లేని ద్రవం మాత్రమే ఇస్తారు. రోజూ బరువు తూచి, ఏ ఎలుక ఏ రోజు చనిపోయిందో పట్టికలో రాస్తారు. చివరకు ఊపిరితిత్తుల్లో ఎంత ఫంగస్ మిగిలిందో లెక్కిస్తారు.

మూడో గుంపు లేకపోతే చావుకు కారణం ఫంగసా, మందా అన్నది తేలదు. పోలికకు ఆధారాన్ని ముందే సిద్ధం చేసుకోవడమే ఈ పద్ధతికి ప్రాణం. పైగా 1998 నిబంధనల ప్రకారం, ఇలాంటి ప్రయోగాలకు జంతు నైతిక సంఘం అనుమతి కావాలి.

3. ఖమ్మంలో జరిగింది

పాథ్ అనే అంతర్జాతీయ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి 2009 జూలైలో ఈ ప్రాజెక్టును ప్రారంభించాయి. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల బాలికలు సుమారు 14 వేల మందికి గార్డసిల్ టీకా వేశారు. వీరిలో చాలామంది గిరిజన ఆశ్రమ పాఠశాలల్లో, వసతి గృహాల్లో ఉన్నవారు. గుజరాత్‌లోని వడోదరలో సెర్వరిక్స్ టీకా వేశారు. టీకా వేసుకున్నవారిలో 7 మరణాలు వెలుగులోకి వచ్చాయి. వాటిలో 5 ఆంధ్రప్రదేశ్‌లోనివి. 2010 ఏప్రిల్‌లో కేంద్రం ప్రాజెక్టును నిలిపివేసి, విచారణ సంఘాన్ని నియమించింది. 2013 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘం తన నివేదికలో ఈ ప్రాజెక్టును తీవ్రంగా తప్పుపట్టింది.

4. విమర్శ

(అ) పేరు: టీకాకు 2008లోనే దేశంలో అనుమతి వచ్చిందనీ, ఇది ప్రయోగం కాదు, టీకాను ఎలా అందించాలో చూసే ప్రదర్శన మాత్రమేననీ నిర్వాహకులు వాదించారు. ఈ వాదనను కొట్టిపారేయలేం. అయితే అనుమతి ఉన్న టీకాను వేల మందికి వేసి సమాచారం సేకరించడం కూడా పరిశోధనే. పేరు మార్చినంత మాత్రాన బాధ్యత తగ్గదు.

(ఆ) సమ్మతి: ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 పత్రాల్లో 2,763 పత్రాలపై వార్డెన్లు సంతకం చేశారు. అంటే దాదాపు 29 శాతం. 1,948 పత్రాలపై వేలిముద్రలున్నాయి. వేలిముద్ర వేయడం తప్పు కాదు. పత్రాన్ని చదివి వినిపించారా, కోయ మాట్లాడే తల్లిదండ్రులకు అర్థమయ్యేలా చెప్పారా అన్నదే ప్రశ్న. పిల్లకు అన్నం పెట్టి చదువు చెప్పించే వార్డెన్ ఆమె తరఫున సంతకం చేస్తే, వద్దనే అవకాశం ఆమెకు ఎక్కడిది?

(ఇ) పోలిక: ఈ మరణాల్లో కొన్నింటికి క్వారీ నీటిలో మునగడం, పాముకాటు, మలేరియా, పురుగుమందు తాగడం కారణాలుగా నమోదయ్యాయి. టీకాతో వీటికి బహుశా సంబంధం లేదని విచారణ సంఘం చెప్పింది. టీకాయే కారణమని చెప్పడానికి మనకూ ఆధారం లేదు. కానీ మలేరియా, పాముకాటు మామూలైన అడవి అంచు ప్రాంతంలో, అదే ఈడు పిల్లల్లో మామూలుగా ఎన్ని మరణాలు జరుగుతాయో ముందే లెక్క ఉండాలి. టీకా తర్వాత ప్రతి బాలికను గమనించే ఏర్పాటూ ఉండాలి. తీవ్ర దుష్ఫలితాల పర్యవేక్షణ బొత్తిగా చాలలేదని పార్లమెంటరీ సంఘం తేల్చింది. అందువల్ల ‘సంబంధం లేదు’ అన్న మాట నిజమే అయినా, దాన్ని నిలబెట్టే పట్టిక బలహీనంగానే ఉంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే మంచి టీకాపై అనుమానం మిగలడానికి ఇదీ ఒక కారణం.

(ఈ) పోలికకు పరిమితి: ఎలుకను సమ్మతి అడగలేం. మనిషిని అడగగలం. కాబట్టి ఎలుకల ప్రయోగంలోని జాగ్రత్తలు మనుషుల విషయంలో కనీసం మాత్రమే. ఖమ్మంలో ఆ కనీసమూ పూర్తిగా నెరవేరలేదు.

5. సారాంశం

ఒక అధ్యయనాన్ని విమర్శించడమంటే మందు మంచిదా చెడ్డదా అని తీర్పు చెప్పడం కాదు. ఎవరిని అడిగారు, దేనితో పోల్చారు, ఎవరు లెక్క రాశారు అని అడగడం. పేదరికం, దూరం, భాష అడ్డుగా ఉన్న చోట ఈ మూడు ప్రశ్నలను మరింత గట్టిగా అడగాలి.

6. మాదిరి ప్రశ్నలు

1. మందు ఇవ్వని గుంపు అవసరాన్ని ఎలుకల ప్రయోగం ఆధారంగా వివరించండి.
2. వసతి గృహ వార్డెన్ సంతకాన్ని తల్లిదండ్రుల సమ్మతిగా పరిగణించవచ్చా? చర్చించండి.