కుంచానికి కట్టిన చీటీ

కిందటి నెల మా మేనత్తని ధవళేశ్వరం కాటన్ మ్యూజియానికి తీసుకెళ్ళాను. ఎనభై దాటిన మనిషి. కోనసీమలో పుట్టి కోనసీమలోనే మెట్టింది, పుట్టిన్నాటి నుంచీ ఆనకట్ట నీటి అన్నమే తింది. ఆ గడప తొక్కడం మాత్రం అదే మొదలు. 1839 ఉప్పెన గురించీ, అంతకుముందు కరువు గురించీ, 1847లో మొదలెట్టి 1852కల్లా కాటన్ దొర గోదావరి మీద ఆనకట్ట లేపిన సంగతీ చెప్పాను. అన్నీ విని దొరకి దణ్ణం పెట్టి, బయట చెట్టు కింద కూలబడి అడిగింది.

"ఒరే అబ్బాయ్, కాలవ నీళ్ళు చేలోకి వాటంతటవే ఎక్కేస్తాయా? గూడలేవిరా?"

మెరక చేలకి గూడ వేసేవారు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, తాళ్ళు కట్టిన బుట్టని కాలవలో ముంచి, ఒక్క ఊపున గట్టు మీదుగా చేలోకి విసరాలి. ఒకడి ఊపు తప్పిందా, నీళ్ళు మళ్ళీ కాలవలోకే. వేసేవాళ్ళు లెక్క తప్పకుండా పాట అందుకునేవారట. అత్తయ్య చేతులూపి చూపిస్తుంటే పక్కన బడిపిల్లలు ఆగి చూశారు.

అది ఆనకట్ట మ్యూజియం. దాన్ని గూడ అడగడం న్యాయం కాదు. శిల్పాలూ నాణేలూ చూడాలంటే రాజమండ్రిలో రాళ్ళబండి సుబ్బారావు గారి పేరిట మ్యూజియం ఉంది. బొమ్మలకి, ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే 1925లో పోయిన దామెర్ల రామారావు గారి గ్యాలరీ ఉంది. మరి గూడ, చేపలు పట్టే ఊత, మావు, ధాన్యం దాచే పురి ఎవరి వంతు?

థాయ్‌లాండ్‌లో ఒకాయన తన వంతనుకున్నాడు. నాన్ నది ఒడ్డున పిత్సనులోక్ అనే ఊళ్ళో తవీ అనే మాజీ సైనికుడు పల్లెల సామానంతా పోగేసి 1983లో జానపద మ్యూజియం తెరిచాడు. నీటి కుండలు, వంటింటి సరుకు, మరీ ముఖ్యంగా చేపలు పట్టే బుట్టలు. ఆ ఫొటోలు చూపిస్తే అత్తయ్య కళ్ళజోడు సర్దుకుని, "ఇది మన మావే కదరా!" అంది. వరీ, వరదా ఉన్నచోట మనిషి బుర్ర ఒకేలా పనిచేస్తుంది కాబోలు.

మావు మూతి దగ్గర వెదురు పుల్లలు లోపలివైపుకి వాలి ఉంటాయి. దూరిన చేప తిరిగి రాలేదు. నీటి వాలు చూసి సాయంత్రం పెట్టేస్తే పొద్దున్న తీసుకోవచ్చు. ఊత అలా కాదు. అడుగులేని బుట్ట అది. మోకాటి లోతు బురదనీళ్ళలో నడుస్తూ, చేప కదలిక కనిపించగానే చప్పున అదిమి, పై కంతలోంచి చెయ్యి దూర్చి తడమాలి. చేతికి జెల్ల ముల్లు గుచ్చుకుంటే ఆ రోజుకి వేట సరి! రెండూ బుట్టలే, రెండూ చేపలకే. పక్కపక్కన అద్దాల బీరువాలో పెడితే ఈ తేడా ఎవడికి తెలుస్తుంది?

ఆ వారమే అత్తయ్య ఇంటి అటక దులిపాను. విరిగిన ఊత ఒకటి, ఇనప కుంచం, ఇత్తడి కొలతలు, పచ్చళ్ళ జాడీలు, ఓ పాత తగరపు డబ్బాలో లేసు సూదులు దొరికాయి. నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఈ సూదులతో ఈవిడ ఎన్నేళ్ళు అల్లిందో! ఆ లేసు సముద్రాలు దాటి ఏ బల్ల మీద పరుచుకుందో ఆవిడకి తెలియదు. అల్లిందెవరో ఆ బల్ల ఉన్న ఇంటివాళ్ళకీ తెలియదు.

ఒక్కోదానికీ పేరు రాసి చీటీ కట్టడం మొదలెట్టాను. ఇత్తడి కొలతకి "మానిక" అని కట్టగానే అత్తయ్య నవ్వింది. సోల తెమ్మని, బియ్యం కొలిచి పోసింది. రెండు సోలలకే నిండిపోయింది. నాలుగు సోలలైతే మానిక, రెండైతే తవ్వ. చదువుకున్నవాడి చీటీ మొదటి రోజే తప్పింది. ఆ తరవాత ఆవిడ చెప్పింది రాయడమే నా పని. ఊత చీటీ మీద జెల్ల ముల్లు సంగతి కూడా ఎక్కింది.

సావిట్లో బల్ల మీద అన్నీ వరసగా పేర్చి వచ్చాను. మొన్న వెళ్ళి చూస్తే కుంచం లేదు. దొంగలెత్తుకుపోయారా అనుకుంటూ వంటింట్లోకి వెళ్ళాను. బియ్యం డ్రమ్ములో ఉంది, నా చీటీతో సహా. దారానికి ముడి ఒకటి ఎక్కువ వేసింది, తెగిపోకుండా.