వేపుడు నల్లబడితే

ఈ వారం మా ఇంట్లో ఆలుగడ్డ వేపుడు నల్లబడింది. నూనె మంచిదే, మంట చిన్నదే. ముక్క నోట్లో వేసుకుంటే తీపి. ఇలాంటప్పుడు వండినవాళ్లను అనడం నాకు గిట్టదు. కూర చెడితే అందులో సగం పాపం వాతావరణానిదేనని ఈ కాలమ్‌లో మొదటి నుంచీ పోరుతున్నాను.

నేను చలి పక్షమని పాత పాఠకులకు తెలుసు. జహీరాబాద్ ఎర్రనేలల్లో ఆలుగడ్డ చేలు చూసినవాళ్లెవరైనా ఆ పక్షానికే వస్తారు. వానలు వెనకబట్టాక, అక్టోబరు-నవంబరుల్లో, ఆగ్రా వైపు నుంచి తెప్పించిన విత్తనం పెడతారు. పగటి ఎండలో ఆకు తయారుచేసిన తిండి చల్లటి రాత్రుల్లో దుంపకు చేరుతుంది. రాత్రి కూడా 20 డిగ్రీలు దాటి ఉక్కపోస్తుంటే మొక్క ఏపుగా పెరుగుతుందే గానీ గడ్డ ఊరదు. చలికి మబ్బూ ముసురూ తోడైతే ఇంకో బాధ. ఆకుమాడు తెగులు పట్టి, పచ్చటి చేను రోజుల్లోనే కమిలిపోతుంది. బెట్టకు గురైన చేనుకు ఒక్కసారిగా నీళ్లు తగిలితే గడ్డ గబగబా ఉబ్బి పగులుతుంది, లేదా లోపల గుల్లవుతుంది. పైకి నిగనిగలాడే పెద్ద గడ్డను కోస్తే నడుమ నక్షత్రంలా ఖాళీ, దాని చుట్టూ గోధుమరంగు అంచు. అది చూసిన రైతు ముఖం చూడలేం.

ఇంతకీ మా వేపుడును చెరిచిందెవరు? నేను వెనకేసుకొచ్చే ఆ చలే. కోల్డ్ స్టోరేజీలో 2-4 డిగ్రీల దగ్గర నెలల తరబడి దాచిన గడ్డ మొలకెత్తదు గానీ, దాని పిండి కొంత చక్కెరగా మారుతుంది. కాగిన నూనెలో నల్లబడేది ఆ చక్కెరే. చిప్స్‌కు వాడే గడ్డను 10-12 డిగ్రీల్లో దాచేది అందుకే. సిమ్లాలోని కేంద్ర ఆలుగడ్డ పరిశోధన సంస్థ 1998లో చక్కెర తక్కువుండే చిప్సోనా రకాలు తెచ్చిందీ అందుకే. చలి కావలసింది చేలో ఊరే గడ్డకు. తవ్వాక అదే చలి దానికి శత్రువు.

మరి అంగట్లో ఈ సంగతి మనకెవరు చెబుతారు? గడ్డ ఎప్పుడు తవ్వారో, ఎక్కడ దాచారో ఒక అట్టముక్క మీద రాసిపెడితే చాలు. అంతవరకు మీరే చూసుకోండి. కొత్త గడ్డ తోలు బొటనవేలితో రుద్దితేనే ఊడుతుంది. వేపుడుకు అదే కొనండి. పాతదే దొరికితే ఫ్రిజ్‌లో పెట్టకుండా, వెలుతురు తగలని మూల రెండు వారాలు ఉంచండి. తీపి కొంత తగ్గుతుంది.