రిపేరుకు ముందు కాపీ

ఫైలు పాడవడం రెండు రకాలు. ఒకటి, లోపలి సమాచారమే చెడిపోవడం. రెండోది, ఆ సమాచారం డిస్కులో ఎక్కడుందో చెప్పే లెక్క తప్పడం. కాపీ అవుతుండగానే పెన్‌డ్రైవు లాగేస్తే చాలావరకు జరిగేది రెండోదే. ఫ్యాట్ అనే ఫైళ్ల నిల్వ పద్ధతిలో ఫైలు క్లస్టర్లనే ముక్కలుగా ఉంటుంది. ఏ ముక్క తర్వాత ఏదన్న వరస ఒక పట్టికలో ఉంటుంది. అది రాయడం మధ్యలో ఆగితే కొన్ని ముక్కలు ఎవరివీ కాకుండా మిగిలిపోతాయి, లేదా ఒకే ముక్క రెండు ఫైళ్ల ఖాతాలోకి ఎక్కుతుంది. పొలం ఉన్నచోటే ఉంటుంది, పహాణీలో పేరు తప్పుతుంది.

వాడుకలో ఉన్నట్టు పట్టికలో నమోదు కాని ముక్కలు కంప్యూటరుకు ఖాళీ జాగాయే. కొత్తది ఏది రాసినా వాటి మీదే పడొచ్చు. అందుకే ముందు ఆ డ్రైవుపై రాయడం పూర్తిగా ఆపాలి. ఫార్మాట్ చేయమంటారా అని విండోస్ అడిగితే వద్దనాలి. తర్వాత డ్రైవు మొత్తానికీ నకలు తీయాలి. దీనికి డీడీరెస్క్యూ మంచి సాధనం: తేలిగ్గా చదవగలిగిన భాగాలను ముందు తీసుకుని, మొరాయించే వాటిని చివరికి వదులుతుంది, ఎక్కడిదాకా వచ్చిందో మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది. ఏ రిపేరైనా ఆ నకలుపైనే.

విండోస్‌లోని చెక్‌డిస్క్‌ను ముందే నడపడం చాలామంది చేసే పొరపాటు. దాని పని డిస్కు లెక్క సరిచేయడం. ఫైలును కాపాడటం కాదు. లెక్క కుదరడానికి అవసరమైతే ఫైలును కత్తిరించేస్తుంది కూడా. ఎఫ్ ఆప్షన్ ఇవ్వకపోతే చూసి చెప్పి ఊరుకుంటుంది. ఇస్తే, దొరికిన ముక్కలను సీహెచ్‌కే ఫైళ్లుగా ఫౌండ్ ఫోల్డరులో పడేస్తుంది. పేర్లు పోయినా మొదటి బైట్లు చూసి గుర్తుపట్టొచ్చు: జేపెగ్ ఫొటో ఎఫ్ఎఫ్ డీ8తో, వర్డ్ డాక్స్ ఫైలు పీకే అన్న అక్షరాలతో మొదలవుతాయి. పోయిన ఫైళ్లను రాబట్టే ఫొటోరెక్ సాధనం వెతికేదీ ఇలాంటి గుర్తులనే. ముక్కలు చెల్లాచెదురైతే మాత్రం ఫొటో పైసగం బాగానే వచ్చి, కిందిది బూడిదరంగుగా మిగలొచ్చు.

లినక్స్‌లో చెక్‌డిస్క్ లాంటి ఎఫ్ఎస్‌సీకే నడపాలంటే డ్రైవును ముందు అన్‌మౌంట్ చేసి తీరాలి. అక్కడి నిల్వ పద్ధతి ఈఎక్స్‌టీ4కు జర్నల్ (చేయబోయే మార్పులను ముందే రాసుకునే చిట్టా) ఉన్నా, మామూలుగా అందులో ఉండేది లెక్క మాత్రమే. కరెంటు పోయినప్పుడు సగం రాసిన ఉత్తరం సగమే ఉంటుంది.

లెక్క సరిగానే ఉండి ఫైలు చెడితే హార్డ్‌వేరును అనుమానించాలి. మార్చని ఫైలుకు చెక్‌సమ్ (దాని బైట్ల నుంచి లెక్కగట్టే గుర్తింపు అంకె) ఒక్కోసారి ఒక్కోలా వస్తుంటే దోషం ర్యామ్‌లోనో కేబుల్లోనో ఉండొచ్చు. అలాంటి మెషీన్‌లో తీసిన నకలునూ నమ్మకూడదు. డ్రైవును వేరే కంప్యూటరుకు తగిలించి మళ్లీ తీయాలి.